ఇప్పలగూడెం మలుపు

పొద్దు వాలుతోంది. లచ్చయ్య ఒడిలోని పత్తిని గోతంలో కుక్కుతుండగా రోడ్డు వైపు నుంచి బ్రేకుల చప్పుడు వచ్చింది. చేను రోడ్డు పక్కనే కావడంతో ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. కానీ ఇది మధ్యలోనే తెగిపోయింది. వెంటనే దుంగలు ఒకదాని మీద ఒకటి దొర్లిన మోత వినిపించింది. గోతం అక్కడే పడేసి, పత్తి మొక్కల్ని తొక్కుకుంటూ పరుగెత్తాడు.

పాల్వంచ నుంచి సారపాక పోయే రోడ్డు ఇప్పలగూడెం దాటి కొంత దూరం పోయాక ఎడమకు తిరిగి, వాగు మీద కట్టిన కొత్త వంతెన ఎక్కుతుంది. ఆ మలుపులో తిరగాల్సిన లారీ తిరగలేదు. తిన్నగా పాత రోడ్డు ముక్క మీదికి పోయి, వాగు గట్టున పక్కకు ఒరిగి పడి ఉంది. కాగితం మిల్లుకు తీసుకుపోతున్న జామాయిలు దుంగలు వాగు ఇసుకలోకి చెల్లాచెదురుగా దొర్లాయి. పైకి లేచిన చక్రమొకటి ఇంకా తిరుగుతూనే ఉంది.

లచ్చయ్య కాబిన్ మీదికెక్కి తలుపు ఎత్తాడు. ముందు చెయ్యి లోపలికి చాపి తాళం తిప్పి ఇంజను ఆపాడు. ఆ తర్వాతే స్టీరింగుకూ సీటుకూ నడుమ ఇరుక్కున్న మనిషిని చూశాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

"కాలు... అన్నా, కాలు..."

"ఊపిరి పీల్చు తమ్మీ. నా మెడ పట్టుకో."

హోటలు బొజ్జయ్య కూడా వచ్చి చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి డ్రైవర్ని బయటికి లాగి గట్టు మీద పడుకోబెట్టారు. లచ్చయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, రెండు కర్రలు తెప్పించి, విరిగిన కాలికి కట్టు కట్టసాగాడు. ఊళ్లో సగంమంది అక్కడికి చేరారు.

"తాగిండు," అన్నాడు బొజ్జయ్య చేతులు దులుపుకుంటూ. "లేకుంటే ఇంత పెద్ద మలుపు కనవడదా?"

"నేను తాగలే అన్నా. మా అమ్మ తోడు," అన్నాడు డ్రైవరు పళ్లు బిగబట్టి. అతని పేరు గోప్యా. టేకులపల్లి దిక్కు తండా. "రోడ్డు సక్కగ పోతున్నట్టే కనవడ్డది. చెట్లు గూడ సక్కగనే ఉన్నయి..."

ఎవరో నవ్వారు. "అవ్, రోడ్డు సక్కగనే పోతది, వాగులకు!" ఆ మాటకు ఇంకో నలుగురు నవ్వారు.

కట్టు బిగిస్తున్న లచ్చయ్య చెయ్యి ఆగిపోయింది. ఆ నవ్వు అతనికి తెలుసు. మూడేళ్ల కిందట, వంతెన కొత్తగా తెరిచిన రోజుల్లో, ఇదే గట్టు మీద అతని లారీ కూడా ఇలాగే పడింది. అతని నోటి నుంచి కూడా అచ్చం గోప్యా అన్న మాటే వచ్చింది. సొంత ఊరి మలుపు తెలవని డ్రైవరట అని ఊరంతా నవ్వింది. ఆ రోజు నుంచి అతను స్టీరింగు ముట్టలేదు. ఇప్పుడు ఏదో అనబోయి నోరు తెరిచాడు. అందరి మొహాలూ చూసి మూసేశాడు. తలవంచుకుని ముడి గట్టిగా బిగించాడు.

పోలీసు జీపు వచ్చింది. హెడ్డు కానిస్టేబులు లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "డ్రైవరు నిర్లక్ష్యం," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. గోప్యాను ఆటోలో ఎక్కించి భద్రాచలం దవాఖానాకు పంపారు.

ఆటో కదులుతుండగా లచ్చయ్య కూతురు యశోద స్కూటీ మీద వచ్చి దిగింది. ఐటీడీఏ గిరిజన హాస్టళ్లలో ఉండి చదువుకుని, రోడ్ల ఆఫీసులో ఏఈగా చేరిన పిల్ల. సొంత మండలం రోడ్లే ఆమె చేతికి వచ్చి ఆరు నెలలైనా కాలేదు. దుంగల్నీ, లారీ టైర్లు గీసిన నల్లటి చారల్నీ, మలుపునూ మార్చి మార్చి చూసింది.

"డ్రైవరు ఏమన్నడు నాయినా?"

"ఏమంటడు? కాలిరిగినోడు ఏమంటడు?" అన్నాడు లచ్చయ్య. తువ్వాలు లేని తల తడుముకుంటూ పత్తి గోతం కోసం చేనులోకి నడిచాడు.

*

మర్నాడు మధ్యాహ్నం యశోద చేను గట్టుకే వచ్చింది. లచ్చయ్య అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. భార్య ఎర్రమ్మ చింతపండు చారు పోస్తోంది. ఇంట్లోలాగే చేనులోనూ వాళ్లు ముగ్గురూ కోయమాటలోనే మాట్లాడుకుంటారు.

"దవాఖానకు పోయొచ్చిన," అంది యశోద. "గోప్యా ఏమన్నడో నిన్న నువ్వు చెప్పలే."

లచ్చయ్య ముద్ద కలుపుతూ ఉండిపోయాడు.

"నీ బండి పడ్డప్పుడు నేను హాస్టల్ల ఉన్న. అప్పుడు గూడ నాకు ఏం చెప్పలే. నువ్వు గూడ అదే మాటన్నవని ఇయ్యాల అవ్వ చెప్పింది."

లచ్చయ్య భార్య వైపు కోపంగా చూశాడు. ఎర్రమ్మ చారు గిన్నె మీద మూత పెట్టి మొహం అటు తిప్పుకుంది.

"అన్న. అయితే ఏంది?"

"ఇద్దరు ఒకరికొకరు తెల్వదు. ఇద్దరు ఒకటే తీరుగ పడ్డరు, ఒకటే మాటన్నరు. మాట అబద్ధమైతే గట్లెట్ల కలుస్తది?"

"నా కన్ను తప్పింది. వాని కన్ను తప్పింది. అంతే." లచ్చయ్య గొంతు పెరిగింది. "ఇరవై ఏండ్లు తోలిన నేను. రాయిపూరు పోయిన, వైజాగు పోయిన. బండి పడితే రోడ్డు మీదికి తప్పు నెట్టేటోడు డ్రైవరు గాదు బిడ్డా. వాణ్ని చూసి నలుగురు నవ్వుతరు. నవ్విన్రు గూడ."

యశోద తండ్రి పక్కన గట్టు మీద కూర్చుంది. ఒక పత్తికాయ తెంపి వేళ్ల మధ్య తిప్పుతూ నెమ్మదిగా చెప్పింది.

"బండి తోలేటప్పుడు నువ్వు రోడ్డును చూస్తవా, ఇంకా దూరం చూస్తవా?"

"దూరమే చూస్త. ముక్కు కింద చూసుకుంట తోలితే ఎట్ల?"

"దూరంల ఏం కనవడతది? తారు కనవడదు. చెట్ల వరస కనవడతది. స్తంభాలు, వాటి మీద తీగలు. నడుమ ఆకాశం సందు. అవి ఎటు పోతే రోడ్డు అటు పోతదనుకుంటవు. మన ఊరు దాటినంక వేపచెట్లు ఎటు పోతయి?"

లచ్చయ్య నమలడం ఆపాడు.

"పాత రోడ్డు మీదికి పోతయి, సక్కగ," అంది ఆమె. "వంతెన జరిపిన్రు, రోడ్డు తిప్పిన్రు. చెట్లు జరపలే, స్తంభాలు జరపలే. అవన్ని సక్కగ పొమ్మంటున్నయి. ఒక్క బోర్డు మాత్రం ఎడమకు తిరుగుమంటున్నది. అది గూడ మలుపు మీదనే ఉంది, చూసే యాళకు మలుపుల ఉంటవు. రోడ్డే తప్పు చెప్తే డ్రైవరు ఏం చేస్తడు నాయినా?"

లచ్చయ్య మిగిలిన అన్నం తినకుండానే చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ సాయంత్రం దాకా పత్తి ఏరుతూనే ఉన్నాడు. మధ్యమధ్యలో మాత్రం నడుం ఎత్తి, రోడ్డు మీది వేపచెట్ల వైపు చూశాడు.

*

యశోద పై అధికారి డీఈ జయప్రకాశ్ ఆ మర్నాడు పదకొండు గంటల ఎండలో జీపులో వచ్చాడు. సత్తుపల్లి వైపు మనిషి. నెమ్మదస్తుడు. మలుపు అటు చివర నుంచి ఇటు చివరకు నడిచాడు. యశోద టేపు పట్టి చూపించినవన్నీ చూశాడు.

"చూడమ్మా యశోదా, మలుపేమీ అంత కటువుగా లేదు. డ్రాయింగు ప్రకారమే ఉంది. బోర్డు కూడా ఉంది. జీపులో వస్తుంటే నాకు దూరం నుంచే కనిపించిందే!"

"పగలు జీపులోంచి నాకు కూడా కనిపిస్తది సార్. ఆ బండి పడ్డది సాయంత్రం. డ్రైవరు కూర్చునేది అంత ఎత్తున," అని ఆమె చెయ్యి తలపైకి ఎత్తి చూపించింది. "ఒక్కసారి ఆ ఎత్తులోంచి, ఆ వేళకు చూడండి సార్. తర్వాత మీరు వద్దంటే నేను మళ్లీ అడగను."

చేను గట్టున నిలబడి చూస్తున్న లచ్చయ్యకు కూతురి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె గొంతులో బతిమాలడం లేదు, గొడవ లేదు. అనుకున్నది అనుకున్నట్టు చెబుతోంది. అంత పెద్ద సారు ముందు అలా నిలబడడం తనకు ఎన్నడైనా చాతనయిందా అనుకున్నాడు.

డీఈ మలుపు వైపు ఇంకోసారి చూశాడు. "సరే. లారీ ఏర్పాటు చేయి. రేపు సాయంత్రం వస్తాను."

లారీ ఏర్పాటు కష్టం కాలేదు. బూర్గంపాడులో ఉండే లారీ ఓనరు పిచ్చయ్య, లచ్చయ్య పాత యజమాని, ఖాళీ బండి పంపుతానన్నాడు. కష్టమల్లా ఇంట్లోనే వచ్చింది.

"పిచ్చయ్య డ్రైవరు ఉన్నడు గద?" అన్నాడు లచ్చయ్య.

"ఉన్నడు. కానీ నేను కూసునే బండి నువ్వు తోలాలె," అంది యశోద.

"మూడేండ్లాయె బిడ్డా ముట్టక. చేతులు మొద్దుబారినయి. లైసెన్సు గూడ..."

ఎర్రమ్మ లోపలికి పోయింది. రేకు పెట్టె మూత చప్పుడైంది. ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన లైసెన్సు తెచ్చి భర్త ముందు పెట్టింది.

"పోయినేడు కొత్తగూడెం పోయి రెన్యువల్ చేయించుకొచ్చిండు. నాకు తెల్వదనుకుండు," అంది కూతురితో.

లచ్చయ్య మొహం దొంగతనం బయటపడ్డ వాడిలా అయింది. తర్వాత అతనికే నవ్వొచ్చింది.

*

చెప్పినట్టే పిచ్చయ్య లారీ వచ్చింది. లచ్చయ్య దాని చుట్టూ తిరిగి ఒక్కో టైరునూ పిడికిలితో గుద్ది చూశాడు. బ్రేకు నూనె చూశాడు. గుడ్డ తడిపి ముందు అద్దం మీది దుమ్మంతా తుడిచాడు. కాబిన్ ఎక్కి, స్టీరింగును రెండు చేతులతో తాకి కళ్లకద్దుకున్నాడు. సీటు కాస్త ముందుకు జరుపుకున్నాడు. తాళం తిప్పగానే అరికాళ్ల కింద బండి వణికింది. ఆ వణుకు మోకాళ్ల దాకా ఎక్కింది.

యశోద మధ్యలో కూర్చుంది. డీఈ కిటికీ పక్కన. ఊరికి చాలా ఇవతల, పాల్వంచ వైపు నుంచి బండి తిప్పుకుని బయల్దేరారు. ఎదురుగా సూర్యుడు చెట్ల కొమ్మల ఎత్తుకు దిగాడు.

"రోజూ ఎట్ల పోతరో గట్లనే పోవాలె నాయినా," అంది యశోద. "నువ్వు కొత్తోనివనుకో."

మూడో గేరు, నాలుగో గేరు. చేతులు మొద్దుబారలేదు. గేరు రాడ్డు తనంతట తానే అరచేతిలోకి వచ్చినట్టుంది. ఇప్పలగూడెం ఇళ్లు పక్కన జరిగిపోయాయి. రెండు వైపులా వేపచెట్లు. బొజ్జయ్య హోటలు ముందు జనం లేచి నిలబడి చూస్తున్నారు. డీఈ సత్తుపల్లి దగ్గర తాను కట్టించిన కల్వర్టు గురించి ఏదో చెబుతున్నాడు.

అప్పుడు లచ్చయ్యకు కనిపించింది. చెట్లు రెండు గోడల్లా తిన్నగా పోతున్నాయి. వాటి నడుమ ఆకాశం నారింజ రంగులో తలుపులా తెరుచుకుని ఉంది. స్తంభాలు ఆ తలుపులోకి నడిచి పోతున్నాయి. రోడ్డు కూడా పోతోంది. ఎడమకు తిరిగే తారు ఎండలో కరిగిపోయి, నేల రంగులో కలిసిపోయింది. మూడేళ్ల కింద చూసింది ఇదే. కన్ను తప్పలేదు. కన్ను చూడాల్సిందే చూసింది.

పక్కన డీఈ మాట ఆగిపోయింది. అతని కుడికాలు లేని బ్రేకును వెతుక్కుంటూ నేల రేకు మీద గట్టిగా తన్నింది. ఒక చెయ్యి ముందున్న చెక్కను పట్టుకుంది.

లచ్చయ్య అప్పటికే గేరు తగ్గించాడు. లారీ ఎడమకు ఒరిగి, మెత్తగా మలుపు తీసుకుని, వంతెన ముందు ఆగింది.

డీఈ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఇంకోసారి పోదామా?" అన్నాడు.

ఇంకోసారి పోయారు. ఈసారి ఆయన కల్వర్టు గురించి చెప్పలేదు. ముందుకు వంగి కూర్చుని రోడ్డు మీదే చూపు పెట్టాడు. అదే చోట ఆయన కాలు మళ్లీ రేకును తన్నింది.

బండి ఆగాక తనలో తానే నవ్వుకున్నాడు. "మలుపుందని నాకు తెలుసు. ఇప్పుడే ఒకసారి తిరిగొచ్చాను కూడా. అయినా నా కాలు నా మాట వినలేదు."

లచ్చయ్య ఇంజను ఆపాడు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, ఎదురుగా అద్దంలోంచి చూస్తూ అన్నాడు.

"సార్, ఆ గోప్యా తాగలే. నేను దగ్గరకెళ్లి ఎత్తుకొచ్చిన, వాసన లేదు. వాడు చెప్పింది అబద్ధం గాదు. నా బండి గూడ ఈడనే పడ్డది సార్. నేను గూడ తాగలే. నేను గూడ అబద్ధమాడలే."

"అర్థమైందయ్యా," అన్నాడు డీఈ. కొంచెం ఆగి, "మీ మీద కేసుందా?" అని అడిగాడు.

"కేసు కొట్టేసిన్రు సార్. నవ్వులే పోలే."

యశోద రెండు చేతులతో పైట కొసను చుడుతూ వాగు వైపు చూస్తూ ఉండిపోయింది. డీఈ తలుపు తీసుకుని దిగాడు. "రామ్మా. నీ మనసులో ఏముందో నడుస్తూ చెప్పు. ఎక్కడ మొదలుపెడదాం?"

ఇద్దరూ పాత రోడ్డు ముక్క వైపు నడిచారు. ఆమె చెయ్యి చాపి చూపిస్తుంటే ఆయన తల ఊపుతున్నాడు. మధ్యలో ఆయన ఏదో కాదన్నాడు. ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి ఒప్పుకున్నట్టున్నాడు. లచ్చయ్య కాబిన్‌లోంచి దిగలేదు. అంత ఎత్తు నుంచి కూతురిని చూడడం అతనికి బాగుంది.

*

మర్నాడు పొద్దున లచ్చయ్య బొజ్జయ్య హోటలుకు పోయాడు. లారీ పడ్డ రోజు నవ్విన వాళ్లలో సగం మంది అక్కడే చాయ తాగుతున్నారు. అతను కూర్చోలేదు.

"గోప్యా తాగలే," అన్నాడు అందరూ వినేటట్టు. "వాడు ఆ మాట చెప్పినప్పుడు నేను పక్కనే ఉండి నోరు మూసుకున్న. అది నా తప్పు. నిన్న డీఈ సారు నా పక్కన కూసుండు. మలుపుందని తెలిసి గూడ ఆయన కాలు బ్రేకు ఎతుక్కున్నది. కావాల్నంటే పొద్దూకే యాళకు రాండ్రి, మిమ్మల్ని గూడ ఎక్కిచ్చుకపోత."

బొజ్జయ్య గ్లాసు కడుగుతూ ఆగిపోయాడు. "నిజమేనా లచ్చన్నా?"

"నవ్వేటోళ్లు ముందుగాల్ల ఎక్కుండ్రి."

ఎవరూ నవ్వలేదు. బొజ్జయ్య చాయ పోసి చేతికిచ్చాడు. లచ్చయ్య తాగి, అటు నుంచి అటే పోలీసు ఠాణాకు పోయి, హెడ్డు కానిస్టేబులుకు ఇదే మాట చెప్పి, రాసిన కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడు. వారం తిరగకుండానే డీఈ ఆఫీసు నుంచి కూడా రోడ్డు సంగతి చెబుతూ ఠాణాకు కాగితం పోయింది. గోప్యా మీద నిర్లక్ష్యం అన్న మాట నిలబడలేదు.

పనులు మొదలవడానికి ఇంకో నెల పట్టింది. ముందుగా పాత రోడ్డు ముక్కకు అడ్డంగా మట్టి పోసి లారీ కాబినంత ఎత్తు కట్ట లేపారు. దాని మీద కానుగ, తంగేడు నాటారు. ఆకాశం తలుపు మూసుకుపోయింది. స్తంభాల్ని కొత్త రోడ్డు వెంబడి మార్చారు. బోర్డును మలుపు మీంచి తీసి, ఊరు దాటీదాటగానే పెట్టారు, చూశాక ఆలోచించుకునేందుకు జాగా ఉండేటట్టు. ఆ తర్వాత రోడ్డు మీద అడ్డంగా సన్నటి గట్లు పోశారు. నిద్రమత్తులో ఉన్నవాడికైనా అవి కాళ్లకు తగులుతాయి. రోడ్డు అంచుల వెంట తెల్లగీతలు గీశారు. మలుపు బయటి వైపున మాత్రం వరసగా పసుపు రేకులు, వాటి మీద ఎడమకు తిరిగిన నల్ల బాణాలు.

రేకుల ఎత్తు దగ్గర యశోద ఒప్పుకోలేదు. కూలీల మేస్త్రి ఒక ఎత్తున పాతితే తీయించింది. తండ్రిని పిలిపించి, లారీ కాబిన్‌లో కూర్చోబెట్టి, దూరం నుంచి కేకలు వేయించింది. "కొంచెం పైకి! చాలు! రెండోది కనవడ్తలేదు, ఇంకొంచెం ఇవతలికి!" గడ్డపార పట్టిన నాగక్క విసుక్కుంది. "బాణాలు పెడుతున్నరు, ఊరి పేరన్న రాస్తలేరు. సదివేదేముంది దీంట్ల?"

"సదువు రానోనికి గూడ తెలవాలెననే అక్కా," అంది యశోద, రేకు నిటారుగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూస్తూ.

పని పూర్తయిన సాయంత్రం లచ్చయ్య, ఎర్రమ్మ మలుపు అవతల గట్టు మీద కూర్చున్నారు. గోప్యా కూడా వచ్చాడు, చంకకర్ర ఆనించుకుని. సారపాక వైపు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. జామాయిలు లోడులు, వెదురు లోడులు, ఒకటి రెండు ఛత్తీస్‌గఢ్ నంబరు బండ్లు. లైట్లు పడగానే పసుపు రేకులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతున్నాయి. ఊరు దాటగానే ప్రతి బండీ గొంతు తగ్గించుకుంటోంది. వెనక ఎర్రదీపం ఒక్కసారి మెరిసి, ఎడమకు తిరిగి, వంతెన మీదికి పోతోంది.

ఒక్కో బండి తిరిగినప్పుడల్లా గోప్యా బాగున్న కాలు మట్టిలో కొంచెం నొక్కుకుని వదులుతోంది.

ఎర్రమ్మకు ఓపిక చాల్లేదు.

"ఒక్కడన్న ఆగుతలేడేంది? ఇంత ఎండల నా బిడ్డ నిలబడి పెట్టిచ్చింది. ఎవ్వరు పెట్టిన్రు, బాగుంది అని ఒక్కడన్న దిగి అడుగుతలేడు. తల గూడ తిప్పుతలేరు."

లచ్చయ్య నవ్వాడు. ఛాతీ నిండా వచ్చిన నవ్వు. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వు.

"పిచ్చిదానా, గట్ల పోవాల్ననే పెట్టిచ్చింది," అన్నాడు.

ఇంకో లారీ వచ్చింది. నెమ్మదించి, తిరిగి, పోయింది.